ఆది జాకెట్టు

జాకెట్లు కుట్టాలొదినా అని
తెడ్డు పరశన్న గోనెసంచి దించితే
ఆది జాకెట్టు తెచ్చావా అన్నాను.
నవ్వాడు.
మూతి విప్పితే నారింజ రంగు,
ఉప్పు వాసన, ఇసుక.
నలభై రెండు.
రుషికొండ బోటు పాయింటువి.
పట్టీలు తెగినవి, బకిళ్ళు విరిగినవి,
ఈల ఉండాల్సిన చోట ఉత్త దారం వేలాడేవి.

ముప్పై ఏళ్ళుగా పెదజాలారిపేటలో
ఆడవాళ్ళ జాకెట్లు కుడుతున్నాను.
చంకలో చెమట మరక చూసి
ఎవరు ఎంత తట్ట మోస్తారో చెప్పగలను.
ఇవీ మాట్లాడాయి.

ఇది పెళ్ళికి ముందు ఫొటోలు దిగినామెది.
మెడ దగ్గర పౌడరు. బకిలు కొత్తదానిలా ఉంది,
ఒక్కసారీ పెట్టుకోలేదు.
దీని మీద చేప పొలుసు, గేలం చింపిన చిల్లు.
ఆదివారం వేటగాడు.
ఈ చిన్నది పసిదానిది.
కాళ్ళ మధ్య పట్టీని ఎవరో బ్లేడుతో కోసేశారు,
ఏడ్చిందని కాబోలు.
ఆ పట్టీ లేకపోతే నీళ్ళలో
జాకెట్టు పైకి తేలుద్ది, పిల్ల కిందికి జారుద్ది.
ముందు దాన్నే మిషను మీద పెట్టాను.
నాలుగు వరసల కుట్టు.

ఇక కొన్ని,
పట్టుకుంటే అట్టముక్కలు.
పడవ చెక్క గుచ్చుకుంటుందని
కిందేసుకుని కూర్చున్నారు, ఎన్నేళ్ళో.
లోపలి స్పాంజి అప్పడమైపోయింది.
పైకి ఏం తెలీదు. రంగు బానే ఉంది.

పెరట్లో సిమెంటు తొట్టి నింపి
ఒక్కోదానికి రుబ్బురోలు పొత్రం కట్టి దింపాను.
ముప్పై నాలుగు మోశాయి.
ఎనిమిది, పొత్రంతో పాటే
బుడగలొదిలి అడుగున కూర్చున్నాయి.

పెద్ద కత్తెర తీసి ఆ ఎనిమిదింటినీ
నిలువునా కోసేశాను.
పరశన్న నెత్తి కొట్టుకున్నాడు.
"లెక్కకైనా పనికొచ్చేవి గదొదినా!
తనిఖీకొచ్చినోడు తలకొకటి లెక్కెడతాడు గానీ
తొట్టిలో ముంచుతాడా?"
"సముద్రం ముంచుద్ది" అన్నాను.

సాయంత్రం ఆ గేలం చిల్లు ఆసామీ వచ్చాడు.
విశ్వేశ్వరం గారట, బ్యాంకు మేనేజరు.
యారాడ అవతల వంజరం కోసం
చిన్న పడవలో పోతాడు.
కాలేజీలో ఈతకొచ్చిన పతకం గురించి చెప్పాడు.
"మంచిదే బాబూ. పడవ తిరగబడి
చెక్క తలకి తగిలితే
పతకానికి మెలకువ ఉంటదా?"
టేపు తీసి ఛాతీ చుట్టూ తిప్పాను.
సిగ్గుతో వీధి వైపు చూశాడు.
ముప్పై తొమ్మిదిన్నర.
తొడిగి, భుజాలు పట్టి పైకి లాగితే
చెవుల దాకా వచ్చేసింది.
పక్కలు రెండేసి అంగుళాలు బిగించాను.
ఈలకి కొత్త తాడు. ఊదండి అన్నాను.
వీధిలో కుక్కలన్నీ లేచాయి.

ఇన్ని మాటలన్నాను గానీ
మా ఇంట్లోనూ ఒకటుంది.
ఫిషరీసు వాళ్ళిచ్చింది.
పువ్వుల గలీబు తొడిగి
మా ఆయన తలకింద పెట్టుకుంటాడు.
ఆ గలీబు కుట్టింది నేనే.

ఆ రాత్రి రెండింటికి
తలెత్తి మెల్లగా లాక్కున్నాను.
తొట్టిలో వేస్తే, కాసేపు ఆలోచించి,
పొత్రాన్ని పైకి తెచ్చింది.

"తడిగా ఉందే" అన్నాడు లేచి.
"ఎలాగూ తడుస్తావు గదా."
"కుర్రాళ్ళు నవ్వుతారు."
"నవ్వనీ."
రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు,
బడి చొక్కాకి కొలతలిచ్చే పిల్లాడిలా.
మూడు బకిళ్ళు. టక్, టక్.
మూడోది పట్టలేదు. పొట్ట.
పట్టీ వదులు చేసి మళ్ళీ పెట్టాను.
ఈలలో దూరిన దూది పిన్నీసుతో తీశాను.

మలుపు దాటాక విప్పేస్తాడేమోనని
ఒడ్డు దాకా వెనకే నడిచాను.
పడవ తోసి ఎక్కారు. ఇంజను దగ్గింది.
ఆ చీకట్లో నారింజా లేదు, నలుపూ లేదు.
అలల అవతల నుంచి
ఈల ఒకసారి వినబడింది.
ఆయన ఊదాడో,
కుర్రాళ్ళు లాక్కుని ఊదారో.