చిన్న మూతి

ఆటోనగర్‌ల మూడో గల్లీ చివర్ల
ఓదెలు తన లారీని రివర్సుల తెచ్చి ఆపిండు.
రెండు సీజన్లు ఎనుమాముల మార్కెట్‌కు
మిర్చి మోసిన బండి.
కిందికి దూరితే ఇప్పటికీ తుమ్ములే.

గోనెసంచి విప్పి బల్ల మీద పెట్టిండు:
పెద్ద టిప్పరుకు ఊడదీసిన టర్బో,
నత్తగుల్ల తీరు చుట్టుకున్న ఇనుము,
రెండు చేతులకూ ఆనదు.
"పన్నెండు వేలకు కొట్టుకొచ్చిన.
గింత పెద్దది ఈ దిక్కుల ఎవ్వని బండికీ లేదు."

బానెట్ ఎత్తి చూసిన.
వేలు దూరే సందు లేదు.
"అందుకే గద, ఎనక పెడదాం.
సైలెన్సర్ ఉన్న జాగల."

పెట్టొచ్చు, ఎవరు కాదన్నరు.
కాని ఓదెలూ,
ఇంజిన్ నోట్లకెళ్లి ఎల్లిన పొగ
పద్నాలుగు అడుగులు నడిచి రావాలె.
ఎల్లేటప్పుడు కొలిమి.
గేర్‌బాక్సు దాటేసరికి పొయ్యి.
ఎనక చక్రాల కాడికి వచ్చేసరికి
చేయి కాలుస్తది గాని
కోపం సగం మర్చిపోయి ఉంటది.
సల్లబడ్డ గాలి కుంచించుకపోతది,
అడుగులు మెల్లగ వేస్తది.
దానికి గింత పెద్ద దర్వాజ తెరిచిపెడితే
లోపలికొచ్చి కూసుంటది,
రెక్క తిప్పదు.

వాడు నమ్మలే.
పెద్ద బండికి పెద్దదే గద అంటడు.
అట్టముక్క మీద లెక్క వేసి చూపిన,
లీటర్లు, చుట్లు, ఒత్తిడి.
తల ఊపిండు,
బ్యాంకు మేనేజరు ముంగట ఊపినట్టు.

అప్పుడు మా బాపు యాదికొచ్చిండు.
కరీంనగర్ దిక్కు గ్రానైట్ క్వారీల
ఇరవై ఏండ్లు డ్రిల్లు పట్టినోడు.
అమ్మ బీడీల కార్ఖానల ఆలస్యమైతే
తనే పొయ్యి ముట్టించేటోడు.
పొగ పడదు కాబట్టి దూరం కూసునేటోడు,
అందుకని పొడుగు ఊదుగొట్టం.
ఛాతీల దుమ్ము పోను
మిగిలిన గాలి ఎంత? పిడికెడు.
అది గొట్టం కొసకు పోయేసరికి
బూడిద కూడ లేచేది కాదు.
ఒకనాడు కొసను రాతి మీద పెట్టి
సుత్తెతోటి సదును జేసిండు,
జొన్నగింజ పట్టేంత సందు మిగిల్చి.
ఊదిండు.
మంట లేచి
ఆయన మొఖం కనబడ్డది.

ఇది ఓదెలుకు చెప్పలే.
రేకు పెట్టెలకెళ్లి ఒక చిన్న టర్బో తీసి చేతుల పెట్టిన.
వ్యానుది. మూతి బిగువైంది.
"గిదా?" అన్నడు,
జాతరల బక్క కోడిని చూసినట్టు చూసి.

నాలుగు దినాలు పట్టింది.
ఉన్న వేడి దారిల పోవద్దని
పైపు పొడుగునా గాజునూలు గుడ్డ చుట్టిన.
వానకాలం బురద తాగొద్దని
గాలి జాలిని పైకి లేపిన.
నూనెతోటే అసలు తిప్పలు.
ఇంజిన్ ఎత్తుల, టర్బో పల్లంల.
దిగుడు ఎవరికైనా వస్తది,
మళ్ల ఎక్కి రావాలంటే ఒకరు చెయ్యియ్యాలె.
పిడికిలంత కరెంటు పంపు బిగించిన.
అది ఆగితే అన్నీ ఆగుతయని
ఓదెలుకు మూడు సార్లు చెప్పిన.

అరవై బస్తాల కంకరతోటి
మడికొండ చడావు.
ఓదెలు తొక్కిండు.
ఏం లేదు.
నా దిక్కు చూసిండు.
ఆగు అన్న.
పోయే తొవ్వ పద్నాలుగు అడుగులు,
వచ్చే తొవ్వ పద్నాలుగు,
జర ఆగు.
మా ఇద్దరి వీపుల ఎనక, చానా దూరంల,
ఎవరో పెదాలు బిగబట్టి
ఈల మొదలువెట్టినట్టు సన్నటి సప్పుడు.
గేజి ముల్లు కదిలింది.
లారీ కొండను మీదికి గుంజుకున్నది.

ఓదెలు నవ్వలే. గేరు మార్చిండు.
పైకి ఎక్కినంక అడిగిండు,
"మరి ఆ పెద్దది?"

అది నా షాపులనే ఉన్నది.
ఎండకాలం గాలిదుమ్ము లేచినప్పుడు
తలుపు కొట్టుకోకుండ
దాన్నే అడ్డం పెడుతున్న.