పేజీ పదకొండు

ఈ సాయంత్రమే జాతర చాటింపు వేశారు.
ఇక పొలిమేర దాటకూడదంటారు ఊళ్ళోవాళ్ళు.
నా అర్జీ మాత్రం దాటాలి, శుక్రవారంలోగా.

బైరాగిపట్టెడలో కరెంటు రెండోసారి పోయింది.
లాప్‌టాప్ వెలుతురులో
పేజీ పదకొండు దగ్గరే కూర్చున్నాను:
"ఈ ఖర్చు ఎందుకో రెండు వందల మాటల్లో సమర్థించండి."

డబ్బిచ్చేవాళ్ళకు మందు మీద ఆశ.
నేనడుగుతున్నది మందుకు కాదు.
పనిచేసిందని మనకెట్లా తెలుసో
అది తెలుసుకోడానికి.

పోయినేడు ఆ గొట్టం మాత్రలు నింపింది నేనే.
ఒకే రంగు, ఒకే బరువు.
సగంలో పుట్టగొడుగు మందు.
సగంలో ఉత్త నియాసిన్,
ముఖం కాసేపు ఎర్రబడి ఊరుకుంటుంది.
ఎవరికేది పోయిందో డాక్టర్ నస్రీన్‌కు తెలీదు,
పక్కన కూర్చునే సిస్టరు గురవమ్మకూ తెలీదు.
నా బీరువా తాళంచెవికి తెలుసు,
దానికి నోరు లేదు.

పదిహేడో నంబరు చెంగల్రాయులు.
ఇరవైరెండేళ్ళు ఘాటురోడ్డు బస్సు తోలి
ఒక మలుపు దగ్గర ఆగిపోయినవాడు.
విరిగిన చేతికి పుత్తూరులో కట్టు కట్టారు, అతుక్కుంది.
మిగతాదానికి కట్టేవాళ్ళు పుత్తూరులోనూ లేరు.
మాత్ర మింగిన నలభై నిమిషాలకు
కళ్ళగంత పైకి జరిపి అన్నాడట:
"సిస్టరమ్మా, నాకు అసలుదే ఇచ్చినారు.
గోడ ఊపిరి తీస్తా ఉండాది."

ఆ ఒక్క మాటకు
నేను ఆర్నెల్లు కట్టిన మూట విప్పుకుపోయింది.

పద్దెనిమిది, దేశమ్మ. నారాయణవనం, మగ్గం పని.
ఎనిమిది గంటలు పైకప్పు చూసింది.
ఫ్యాను రెక్కల దుమ్ము చూసింది.
లేచి చెప్పులేసుకుంటూ,
"మాకెప్పుడూ ఇంతేలే సామీ,
పెసాదం అయిపోయినాకనే మా వంతు వస్తాది."
మరుసటి వారం ఆమె మార్కులు ఇంకా దిగజారాయి.
అది జబ్బా, నిరాశా?
నా పట్టికలో ఆ గడి లేదు.

చిన్నప్పుడు జాతరలో మా మేనమామ
ఒళ్ళంతా బొగ్గు పూసుకుని తోటి వేషం కట్టేవాడు.
వేషం లోపల ఎవరో వీధంతటికీ తెలుసు.
తెలిసీ దణ్ణం పెట్టేవాళ్ళం.
అమ్మవారికి అది చాలు.
లెక్కకు చాలదు.

"పనిచేసిందిగదమ్మా," అంటారు మా పెద్దసారు.
"చెంగల్రాయులు బస్టాండుకు పోయి టీ తాగొచ్చినాడు.
ఇంకేం కావాల నీకు?"
నిజమే. ఆ టీ నేనూ చూశాను.
గాజుగ్లాసు చేతిలో వణకలేదు.
నా కళ్ళు తడిశాయి,
అందుకే ఆ కళ్ళను సాక్ష్యానికి పిలవను.

కాబట్టి అయ్యా, చిత్తూరులో ఒక మనిషికి జీతం.
ఆమె వీళ్ళ ముఖాలు చూడదు,
ఫోనులో గొంతు మాత్రం విని మార్కులేస్తుంది,
ఆ రోజు ఏం కనిపించిందని పొరపాటున కూడా అడగదు.
రెండు కాదు, మూడు మోతాదులు:
అందరికీ ఎంతో కొంత,
ఉత్తచేతులతో ఎవరూ పోకుండా.
"మీకేది ఇచ్చామనుకుంటున్నారు?"
ఈ ప్రశ్న ముందొకసారి, తర్వాతొకసారి.
కాగితం చవకే.
జవాబు చెప్పేదాకా ఎదురుగా కూర్చునే మనిషి
చవక కాదు.

కరెంటొచ్చింది. ఎక్కడో డప్పు సరిచూసుకుంటున్నారు.
నూట తొంభై మూడు మాటలయ్యాయి.
దేశమ్మ అని రాసి కొట్టేశాను,
అర్జీలో పేర్లుండకూడదు.
పద్దెనిమిది అని రాశాను.

చివరి వరస:
నారాయణవనం నుంచి తిరుపతికి
రానూ పోనూ బస్సుఛార్జీ, ఏడాదికి పన్నెండుసార్లు.
మగ్గం ఆగిన రోజుకు కూలి.
ఇది మందు ఖర్చు కాదుగదా అని అడుగుతారు.

కాదు.