చల్లగా ఉన్నప్పుడే కొలవాలి

రాత్రంతా బండిని ఇక్కడే వదిలిపో, అంది అర్షలూయిస్.
వేడి మీదున్న ఇంజను నిజం చెప్పదు.

గ్యూమ్రీలో జనవరి.
భూకంపం తర్వాత తాత్కాలికమని నిలబెట్టిన రేకు డబ్బా
ముప్పై ఏళ్ళు దాటినా
ఇంకా తాత్కాలికంగానే నిలబడి ఉంది.
అదే ఆమె షెడ్డు.
లోపల నా నీవా,
పళ్ళ డాక్టరు ముందు ముసలాడిలా నోరు తెరుచుకుని.

తప్పు నాదే.
ఆకులు రాలే రోజుల్లో బజారు పక్క కుర్రాడికి బండి అప్పగించి
ఈ టిక టిక నోరు మూయించరా అన్నాను.
మూయించాడు.
వెయ్యి ద్రామ్‌లు ఎక్కువే చేతిలో పెట్టాను.
పక్కింట్లో కుట్టుమిషను ఆగిపోయినట్టు
ఎంత హాయిగా ఉండిందో, రెండు వారాలు.

ఆ తర్వాత అషోత్స్క్ ఎత్తు మీద
మూడో గేరులో ఎక్కే బండి రెండోది అడిగింది.
ఆపైన ఒకటోది.
దారి అదే, మత్నకాష్ రొట్టెల బుట్టలూ అవే నలభై.
తెల్లారి తాళం తిప్పితే దగ్గు,
నిలబెడితే వణుకు,
పొగగొట్టం దగ్గర అరచెయ్యి పెడితే
ఉఫ్ ఉఫ్‌ల మధ్య ఒక ఉఫ్ తప్పిపోయేది.
గ్యాసుని తిట్టాను, ప్లగ్గుల్ని తిట్టాను,
గ్యాసు సిలిండరు పెట్టించిన బావమరిదిని
వాళ్ళమ్మ ముందే తిట్టాను.
నిశ్శబ్దాన్ని మాత్రం ఒక్క మాట అనలేదు.

గ్యాసు మీద తిరిగే బండి కదా, అంది ఆమె
వాల్వుల మూత విప్పి గోడకి ఆనిస్తూ.
లోపల పొడి సెగ.
వాల్వు కొద్దికొద్దిగా తన పీటలోకి దిగబడుతుంది,
దిగబడిన కొద్దీ పైన సందు తగ్గుతుంది.
మిగిలిన కాస్త సందునీ నీ కుర్రాడు బిగించేశాడు.
వేడెక్కితే ఇనుమూ కాళ్ళు చాపుతుంది,
చోటు లేకపోతే తలుపు పూర్తిగా మూసుకోదు.
పీట మీద ఆనుకున్న కాసేపే
ఆ వాల్వు ఒళ్ళు చల్లార్చుకునేది.
అదీ లేకుండా చేశారు ఇద్దరూ కలిసి.

మరి సందు ఎక్కువైతే?

టిక టిక. ఆలస్యంగా తెరుచుకుని తొందరగా మూసుకుంటుంది,
ఊపిరి చాలదు, బలమూ కొంత పోతుంది.
దాన్ని చెవి పట్టుకుంటుంది.
బిగుతుని పట్టుకునేది జేబే.

ముప్పై ఎనిమిది పానా వేసి
క్రాంకు నట్టు తిప్పింది.
ఎనిమిది, ఆరు. అర చుట్టు.
నాలుగు, ఏడు. అర చుట్టు.
ఒకటి, మూడు.
ఎక్కాలు తారుమారుగా నేర్చుకున్న పిల్లలా
పైకే అనుకుంటూ.
అయిదు, రెండు.
మిల్లీమీటరులో నూటికి పదిహేను వంతుల రేకు,
పొగ వెళ్ళే వాల్వులకి ఇరవై.

ఇదిగో నువ్వు చూడు, అని రేకు నా చేతికిచ్చింది.
పొయ్యి అంచులకి మొద్దుబారిన వేళ్ళు నావి.
తోస్తున్నావు, అంది. తొయ్యకు. అడుగు.
నిద్రపోతున్నవాడి దిండు కింది నుంచి
ఉత్తరం లాగినట్టు రావాలి.
ఊరికే జారిపోకూడదు, రానని మొండికెయ్యకూడదు.
ఆరుసార్లు కుదిరిందనుకున్నాను,
నట్టు బిగించగానే ఆరుసార్లూ మారిపోయింది.

అంతకుముందే, మొదట్లోనే,
ఎనిమిదో దాని దగ్గర ఆమె రేకు దూరలేదు.
అప్పుడేమీ అనలేదు.
చేతులు కిరసనాయిలుతో తుడుచుకుంటున్నప్పుడు చెప్పింది:
అంచు కాలి ఉంటుంది.
మంచు కరిగేదాకా లాగుతుంది. ఆ తర్వాత తల విప్పాలి.
డబ్బులు పోగెయ్యి.

మధ్యాహ్నం తాళం తిప్పాను. ఒక్క దగ్గు.
టిక టిక, సన్నగా, తిరిగొచ్చింది.
ఆమె వైపు చూశాను.
ఆమె నా బూట్ల మంచు నేలమీద చేసిన మడుగు చూస్తోంది.

అషోత్స్క్ ఎత్తు మీద
మొదటి మలుపు దాటేదాకా మూడో గేరు. తర్వాత రెండు.
మునుపటంత కాదు.
కొట్టు దగ్గర త్సోవినార్ బుట్ట అందుకుంటూ
నీ బండి మళ్ళీ నస మొదలెట్టిందే, అంది.
రొట్టెలు ఇంకా గోరువెచ్చగా ఉన్నాయి.
నేనే మాట్లాడమన్నాను, అన్నాను.
దిగేటప్పుడు రేడియో పెట్టలేదు.
ఎనిమిదోది ఏమంటుందోనని
అద్దం దించుకుని, ఆ చలిలో.