పదకొండో గడి

ఆదోని కోర్టు ముందర, జిరాక్స్ అంగడి బల్ల మీద
ఉరుకుందప్ప బార్ కౌన్సిల్ దరఖాస్తు నింపుతాండాడు.
పదకొండో గడి కాడ పెన్ను నిలబడింది:
నీ మీద కేసులేమన్నా ఉండాయా?

ఉంది. తొమ్మిదో ముద్దాయి.
ఖాళీ బిందెలు అడ్డం పెట్టి
ఎమ్మిగనూరు బస్సులు నిలిపిన నాటిది.
నీళ్లొచ్చినాయి, కేసు పోలేదు.

"లేదని రాయప్పా, ఎవురు చూస్తారు"
అన్నాడు మా గుమాస్తా మాబుసాబ్.
నేనేం పలకలేదు.
ఇతన్ని మూడేండ్లుగా ఎరుగుదును, నడత మంచిది, అని
కింద సంతకం పెట్టాల్సింది నేనే.

నా కాలంలో నా నడత ఎవురడిగినారు?
మా మామ జీపు, జీపులోని గోనెసంచి,
చూసి కూడా చూడలేదని
సాక్షి బోనులో నేను చెప్పిన మాట
ఏ గడిలోనూ పట్టలేదు.
నల్లకోటు మాత్రం కొలిచి కుట్టినట్టు పట్టింది.

వాడు "ఉంది" అని రాసినాడు.
క్రైం నంబరు, సంవత్సరం, స్టేషను.
తావు చాలక మార్జిన్లో చిన్నగా
"నీళ్ల కోసరం".
ఇంకు ఆరేదాకా ఊది
కాగితం నా పక్కకు తిప్పినాడు.

పెన్ను అందుకునే ముందు
అరచెయ్యి రెండుసార్లు ప్యాంటుకు తుడుచుకున్నా.

ఎండ మాబుసాబ్, అన్నా,
చెమట.