హీరో వెనకాల

మధ్యాహ్నం టీవీలో ఏదో పాత సినిమా.
కుక్కరు మూడో కూత కోసం ఒక చెవి అటు పడేసి
సగం కళ్లతో చూస్తున్నాను.
హీరో కోర్టు మెట్లు ఎక్కుతున్నాడు.
అవి కోర్టు మెట్లు కావు.
ఆరో మెట్టు అంచు విరిగి ఉండాలి, ఆగండి...
ఉంది.
కెమిస్ట్రీ బ్లాకు మెట్లు!
కూతలెన్నయ్యాయో మరిచిపోయాను.

మా కాలేజీ వెయ్యని వేషం లేదు.
ఒకదాన్లో జిల్లా కోర్టు, ఒకదాన్లో పిచ్చాసుపత్రి,
ఇంకోసారి ఏకంగా ఢిల్లీలో సెక్రటేరియట్టు.
కొత్త బోర్డు తగిలించారు గానీ
దాని పక్కన గోడ మీద మా సన్యాసిరావు
బొగ్గుతో రాసిన ప్రేమ ఫార్ములా అలాగే వదిలేశారు.
విలన్ బంగళా వేషమూ కట్టింది.
ప్రిన్సిపాలు కుర్చీలో కూచుని వాడు విస్కీ తాగితే
హాల్లో మా బెంచీలన్నీ ఈలలు వేశాయి.
కాలేజీగా మాత్రం ఒక్కసారే కనిపించింది.
అందులో ఎవరూ క్లాసుకి వెళ్లరు.
ఉన్నది ఉన్నట్టు తీసింది ఆ ఒక్కటే.

ఈ సినిమా నాకు తెలుసు.
మేం సెకండియర్లో ఉండగా తీశారు.
తాడు కట్టి మమ్మల్ని ఇవతల నిలబెట్టి
"అందరూ చప్పట్లు కొట్టండి,
సముద్రం వైపు చూడకండి" అన్నాడొక టోపీ ఆయన.
ఎలా చూడకుండా ఉండటం?
ఈ ఊళ్లో పుట్టినవాళ్ల మెడలు
అటు తిరిగే పుడతాయి.

ఫైటు నడుస్తోంది.
రౌడీలు గాల్లోకి లేస్తున్నారు.
అప్పుడు వచ్చాడు అటెండరు నూకరాజు,
ఖాకీ నిక్కరు, చేతిలో సుత్తి,
లేచేవాళ్లనీ పడేవాళ్లనీ తప్పుకుంటూ
వరండాలో వేలాడే రైలు పట్టా ముక్క దగ్గరికి.
టోపీ ఆయన అరుపులకి గోడల మీది పావురాలు లేచిపోయాయి.
నూకరాజు తల కూడా తిప్పలేదు.
"మీ సినిమా టయము మీది బాబూ,
నా గంట టయము నాది."

ఆ ముక్క కోసి పారేసి ఉంటారనుకున్నాం.
ముప్పై అయిదేళ్లు అలాగే అనుకున్నాం.
జగదాంబ సెంటర్లో మొదటి వారమే చూశాం గానీ
అప్పుడు తెర మీద ఎవరికి వాళ్లం
మమ్మల్ని మేమే వెతుక్కున్నాం.
ఎవరికీ ఎవరూ దొరకలేదు.
నూకరాజుని చూసే తీరిక ఎవరికుంది?

ఇదిగో ఇప్పుడు, హీరో మోచేతి కిందుగా,
బఠాణీ గింజంత నూకరాజు.
దెబ్బల చప్పుడులో గంట వినబడదు.
చెయ్యి మాత్రం మూడుసార్లు లేచింది.
మూడో పీరియడు. ఇనార్గానిక్.
నేను ఎగ్గొట్టిన క్లాసు.

టీవీని ఫోన్లో ఫోటో తీసి అందరికీ పంపాను.
"సుత్తి కాదది, టిఫిన్ క్యారేజీ" అన్నాడు సన్యాసిరావు,
స్టీలు ప్లాంటులో రిటైరైనా వాదన రిటైరవలేదు.
ఫిలోమినా ఏమీ రాయలేదు.
సాయంత్రం ఫోన్ చేసింది.
"నూకరాజుని వదిలెయ్యవే.
వాడి వెనకాల చూశావా?"

చూశాను.
సైకిలు స్టాండు మీద నిద్రగన్నేరు చెట్టు.
హుద్‌హుద్ వచ్చిన ఆదివారం వేళ్లతో సహా లేచి
స్టాండునీ, నలభై సైకిళ్లనీ మీదేసుకుని పడుకున్న చెట్టు.
సినిమావాళ్ల ఫ్యాను గాలికి
కొమ్మలు ఊగుతున్నాయి.
ఆ గాలి దాన్ని ఏమీ చెయ్యలేదు.

మర్నాడు సిరిపురంలో బస్సు దిగి
గేటు దాకా నడిచి వెళ్లాను.
ఎందుకని అడిగితే నా దగ్గర జవాబు లేదు.
స్టూలు మీంచి లేచాడు కుర్ర వాచ్‌మన్.
"ఏటమ్మా, షూటింగుకా?
ఈరోజు నేదు. మంగళారం రండి,
పోలీస్ స్టేషన్ సీనంట."

సరే,
మంగళవారం వస్తానన్నాను.