గీసిన కిటికీ

ఫొటోలో ఐదు కిటికీలు లెక్కపెట్టుకున్నాకే
అడ్వాన్సు కట్టాను.
రెండు రాత్రులు, సముద్రం వైపు గది అని
ఫోన్లో మూడుసార్లు చెప్పించుకున్నాను కూడా.

జెనోవాలో రైలు మారి, మెట్లన్నీ సంచి మోసుకుంటూ ఎక్కి
తీరా వచ్చి చూస్తే
సముద్రం వైపున్నది గోడ.
గోడకి బయట, రేవులోంచి చూసేవాళ్ళకి మాత్రం
ఆకుపచ్చ తలుపులు, తెల్లటి గట్టు, సగం తీసిన తెర,
తెర పక్కన ఒక పిల్లి.
అన్నీ రంగులే.

"ఇక్కడ చాలా ఇళ్ళు ఇంతే" అంది ఎర్సీలియా
తాళంచెవి చేతిలో పెడుతూ, తప్పు తనది కానట్టు.
"కిటికీకింత అని పన్ను ఉండేదట. మా ముత్తాత
పన్నూ ఎగ్గొట్టాడు, పరువూ దక్కించుకున్నాడు."

నా దగ్గరున్నవి నలభై గంటలు.
జాబితా ఉంది. కొండమీది చర్చి, ఏడింటి పడవ,
మఠం దాకా నడక, నిమ్మతోట,
సూర్యాస్తమయం ఏ రాయి మీద నిలబడి చూడాలో అదీ.
పెట్టిన ప్రతి యూరోకీ
ఒక దృశ్యం వసూలు చేసే మనిషిని.

దక్కింది వెనక కిటికీ.
చెయ్యి చాపితే ఎదురింటివాళ్ళ తడిబట్టలు.
మొగుడూ పెళ్ళాం పోట్లాడుకోవాలన్నా
గొంతు తగ్గించుకోవాల్సినంత ఇరుకు సందు.

మొదటి సాయంత్రం అలిగి కూచున్నాను.
సూర్యుడు ఎక్కడో, నా ప్రమేయం లేకుండానే, దిగిపోయాడు.
ఎదురుగోడ పైఅంచు మాత్రం ఒక్క నిమిషం
గుమ్మడి ముక్కలా మెరిసి ఆరిపోయింది.
మూడో అంతస్తులో జేనో అనే కుర్రాడు
క్లారినెట్ మీద ఒకే స్వరం దగ్గర జారుతున్నాడు,
మొదటికొచ్చి, మళ్ళీ అక్కడే.
కింద ఎవరో నెత్తళ్ళు వేయిస్తున్నారు.
ఆ వాసనలో కోపం ఎంతసేపని నిలుస్తుంది?

తాడు కట్టిన బుట్టొకటి కిందనుంచి పైకి పోతూ
నా కిటికీ ముందు ఆగింది.
తల ఎత్తితే, తాడు పట్టుకుని ముసలాయన ఒత్తావియో,
నోటితో కాదు, గడ్డంతో అన్నాడు: తీసుకో.
నూనె కాగితంలో నెత్తళ్ళు, ఒక నిమ్మచెక్క.
ఆరు తీసుకున్నాను. ముళ్ళతో సహా నమిలేశాను.
బదులేం పెట్టాలో తోచక
రైల్లో కొన్న చాక్లెట్ సగం విరిచి పెట్టాను.
బుట్ట కదిలింది.
కాసేపటికి పైనుంచి
వెండిరేకు విప్పుతున్న చప్పుడు.

మర్నాడు ఏడింటి పడవ తప్పిపోయింది.
తప్పించాను, నిజం చెప్పాలంటే.
ఎర్సీలియా వెంట చేపల బల్ల దాకా వెళ్ళి
ఆమె బేరంలో నావైపునుంచి కూడా రెండుసార్లు పెదవి విరిచాను.
మధ్యాహ్నం, గులకరాళ్ళ మీద ఒట్టికాళ్ళతో
అయ్యో అమ్మో అంటూ నీళ్ళలోకి దిగితే
నడుములోతులో నా మోకాళ్ళు నాకు కనిపించాయి,
చాలా ఏళ్ళకి ఎదురైన చుట్టాల్లా,
కాస్త పాలిపోయి.

చర్చి చూడలేదు. మఠం చూడలేదు.
నిమ్మతోట గేటుకి తాళం.
జేనో మాత్రం ఆ రాత్రి పదిన్నరకి
ఆ స్వరాన్ని దాటాడు.
సందు సందంతా ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి
మళ్ళీ గిన్నెలు తోముకోసాగింది.

పొద్దున్నే ప్రయాణం.
బిల్లులో ఎర్సీలియా "సముద్రం వైపు గది" అనే రాసింది.
నేనూ ఏమీ అనలేదు.

పడవ మలుపు తిరిగాక ఇల్లు కనిపించింది.
పసుపు గోడ, ఐదు కిటికీలు.
ఒకదాంట్లోంచి తెల్లగా ఏదో ఊగుతోంది,
గుడ్డో, చెయ్యో.
ఏది గీసిందో, ఏది తెరిచిందో
ఇంత దూరాన్నుంచి ఎవరికి తెలుస్తుంది?
ఎందుకైనా మంచిదని
ఐదింటికీ చెయ్యి ఊపాను.

పిల్లికి కూడా.