వంద కౌంటు వెలుగు

విశాఖలో పాతసామాను కొట్టులో కొన్న ఫ్లాషు.
నాలుగు పెన్సిలు సెల్లులు మింగుతుంది,
మింగి, కీ...మని సన్నగా కూస్తుంది,
ఎర్రదీపం వెలిగాకే నోరు మూస్తుంది.
దీని తల ఎటైనా తిరుగుతుంది,
మెడ విరిగిందేమోనని కొన్నవాడే జడుసుకునేంత.

పెళ్ళిళ్ళలో ఆ తల పైకెత్తి
మండపం సున్నపు కప్పుకి కొడతాను.
కప్పు మీంచి వెలుగు పిండిలా రాలుతుంది,
పెళ్ళికూతురి ముక్కు మీద జిడ్డు మెరవదు.
నాకు తెలిసిన విద్య ఇంతే:
మనిషిని సూటిగా కొట్టకు.
ఇంకెక్కడికో కొట్టు, తిరిగి వాళ్ళ మీదకి దాన్నే రానీ.

పొందూరులో ఆ విద్య చెల్లలేదు.

గుర్తింపు కార్డులకి ఫొటోలు, మనిషికి ముప్పై రూపాయలు.
ఏడో ఇల్లు కూర్మమ్మది.
పెంకుటిల్లు. మూడు తరాల పొయ్యి పొగ
దూలాల మీద తారులా పేరుకుంది.
కిటికీ ఉంది గానీ, అడ్డంగా దూది బుట్టలు.
రాట్నం ముందు నుంచి ఆవిడ లేవనంది.
"లెగిస్తే దారం తెగిపోద్ది బావూ, ఇలాగే తీసీ."

మొదటిది సూటిగానే కొట్టాను.
గోడ మీద ఆవిడ నీడ
కత్తెరతో కోసి అతికించినట్టు.
మొహం అప్పడంలా చదునై
డెబ్బై ఏళ్ళ ముడతల్లో ఒక్కటీ లేదు.
ముడతలు పోతే మెచ్చుకుని డబ్బులిచ్చేవాళ్ళున్నారు,
నాకెందుకో ఆ ఇంట్లో ఏదో ఎత్తుకొచ్చినట్టనిపించింది.
కంటి ఆపరేషనయి నలభై రోజులట.
చేత్తో కళ్ళు మూసుకుని కాసేపు అలాగే ఉండి
"మెరుపైతే మెరిసింది, ఉరుమేదీ?" అంది.

రెండోది కప్పుకి కొట్టాను.
పొగ మింగేసింది.
కెమెరా తెర నిండా చీకటి,
చీకట్లో మూడు ముక్కుపుడకలు.

కోడలు దాలమ్మ పక్కింటికెళ్ళి
అప్పుడే మగ్గం దిగిన పంచె పట్టుకొచ్చింది.
"తెల్లగోడే కావాలంటే ఇదుంది."
మా కుర్రాడు తవిటయ్య రెండు చేతులూ చాపి
గోడలా నిలబడ్డాడు.
ఫ్లాషు తల అటు తిప్పి నొక్కితే
సగమే తిరిగొచ్చింది వెలుగు.
మిగతా సగం బట్ట దాటిపోయి
తవిటయ్య బనీను మీద, నూనూగు గెడ్డం మీద,
వాడి వెనక వేలాడుతున్న వలుగు చేప దవడల మీద పడింది.

కూర్మమ్మ నవ్వింది.
"వంద కౌంటు నూలది.
దానికి అడ్డంగా నిలబడ్డం రాదు."

అప్పుడు తిరగేశాను నా విద్యని.
కెమెరా నెత్తి మీంచి ఫ్లాషుని దింపి
వైరు తగిలించి తవిటయ్యకిచ్చాను.
పంచెని దండెం మీద ఆరేసి, వాణ్ణి ఆవలికి పంపాను.
పవరు పదహారో వంతు.
ఎక్కువైతే కాలదు గానీ, ఎందుకో భయమేసింది.

నొక్కాను.

దూదిని ఆవిడ ఏకినట్టే
బట్ట ఆ వెలుగుని ఏకింది,
గింజ తీసి, నలుసు తీసి
ఆవిడ మీద పరిచింది.
ముడతలన్నీ తిరిగొచ్చాయి, దేని చోటుకి అది.
బొటనవేలి మీద గాడి కూడా,
దారం యాభై ఏళ్ళు నడిచిన గాడి.
ఈసారి కళ్ళు మూసుకోలేదు.
"తీసీసినావేటి?" అంది.

ఇంతా చేస్తే కార్డులో అది తపాలా బిళ్ళంత.
ఆఫీసులో వేళ్ళు కత్తిరించేశారు,
మిగిలిన చెంప మీద ఊదారంగు ముద్ర.
పెద్దదొకటి నా ఖర్చుతో ప్రింటు తీయించి ఇచ్చాను.
మట్టిగోడకి మేకు ఆగక
దాలమ్మ దాన్ని బియ్యం డబ్బాకి ఆనించింది.

ఆవేళ బయల్దేరబోతుంటే
సెల్లులు అయిపోవచ్చాయి కాబోలు,
సంచిలోంచి ఫ్లాషు నీరసంగా
ఎంతకీ ఆగకుండా కూస్తూనే ఉంది.
రాట్నం ఆపి, చెవి ఒగ్గి విన్నది కూర్మమ్మ.
నూనె గిన్నె నావైపు జరిపింది.

"ఇరుసు ఎండిపోనాది బావూ,
సుక్కెయ్యి."